మొదటి యుకులేలే: కొనేటప్పుడు చూడవలసినవి, ఇంటికి తెచ్చాక చేయవలసినవి

విజయవాడలో గానీ గుంటూరులో గానీ యుకులేలే కొందామని బయలుదేరినవారిని ముందుగా తికమక పెట్టేది ధర. రెండు వేలకూ దొరుకుతుంది, ఇరవై వేలకూ దొరుకుతుంది. కొత్తవారి కంటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అడిగితే దుకాణదారు కలప పేరు, కంపెనీ పేరు చెబుతాడు. నేర్చుకునేవారి వేళ్ళకు మాత్రం మొదటి నెలలో తెలిసేవి రెండే విషయాలు: తీగ ఎంత ఎత్తున ఉంది, పెట్టిన శ్రుతి ఎంతసేపు నిలుస్తోంది. ఈ రెండూ కుదిరిన మూడు నాలుగు వేల రూపాయల వాద్యం, ఇవి కుదరని ఖరీదైన వాద్యం కంటే ఎంతో మేలు. అందువల్ల కలపకూ కంపెనీకీ ఇవ్వవలసినంత చోటే ఇచ్చి, ఈ రెండింటినీ ఎలా పరీక్షించాలో, లోపముంటే ఇంట్లోనే ఎంతవరకు సరిచేసుకోవచ్చో ఇక్కడ వివరంగా చెబుతాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. యుకులేలే పిల్లల గిటారు కాదు. పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి 1879లో రావెన్‌స్క్రాగ్ అనే ఓడలో హవాయికి వలస వెళ్ళిన వడ్రంగులు, తమ ఊరి చిన్న తీగవాద్యాన్ని అక్కడి కోవా కలపతో చేయడం మొదలుపెట్టగా రూపుదిద్దుకున్న వాద్యమిది. దీనికి నాలుగే తీగలు, అవి నైలాన్ జాతివి. గిటారు ఇనుప తీగలు దీనికి ఎప్పుడూ కట్టకూడదు. ఆ లాగుడుకు బ్రిడ్జి, అంటే కింది వైపు తీగలు కట్టే చెక్క, ఊడివస్తుంది, లేదా పైపలక ఉబ్బుతుంది. దుకాణంలో ఎవరైనా ‘ఏ తీగలైనా ఒకటేనండీ’ అంటే ఆ మాట అక్కడే వదిలేయండి.

పరిమాణం

యుకులేలేలు ప్రధానంగా నాలుగు పరిమాణాల్లో వస్తాయి. సొప్రానో మొత్తం పొడవు సుమారు 21 అంగుళాలు, కాన్సర్ట్ 23, టెనర్ 26, బారిటోన్ 30 అంగుళాలు. మొదటి మూడింటినీ సాధారణంగా ఒకే శ్రుతిలో పెడతారు. బారిటోన్‌ది వేరు, దానికి గిటారులోని సన్నని నాలుగు తీగల శ్రుతి ఉంటుంది. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ చూపే వేళ్ళ అమరికను బారిటోన్‌పై పెడితే వేరే స్వరాలు పలుకుతాయి కాబట్టి మొదటి వాద్యంగా దానిని తీసుకోవద్దు. ఆరు తీగలతో గిటలేలే అని ఇంకొకటి ఉంది. అది వేరే వాద్యం, పొరపాటున తెచ్చుకోకండి.

పెద్దలకు నా సలహా కాన్సర్ట్. సొప్రానోపై తీగ మోగే పొడవు 13, 14 అంగుళాలకు మించదు కనుక మెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, దగ్గరదగ్గరగా ఉండి, లావు వేళ్ళు ఒకదానిపై ఒకటి పడతాయి. కాన్సర్ట్‌పై ఆ పొడవు సుమారు 15 అంగుళాలు. తేడా చిన్నదే అయినా చేతికి వెంటనే తెలుస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకైతే సొప్రానోయే హాయి. అరచెయ్యి పెద్దగా ఉన్నవారు టెనర్ కూడా చూడవచ్చు. ఏ పరిమాణమైనా మెడ పైభాగంలో, తీగలు బిగించే బిరడాల వైపు అవి మళ్ళే చోట ఉండే తెల్లని పట్టీ వెడల్పును ఒకసారి కొలవండి. దీనిని నట్ అంటారు. ఇది 35 మిల్లీమీటర్లు ఉన్నవీ ఉంటాయి, 38 ఉన్నవీ ఉంటాయి. వేళ్ళు లావైనవారు వెడల్పు ఎక్కువ ఉన్నదే తీసుకోవాలి.

అన్నట్టు, గిటారు దుకాణాలవారు ఫ్రెట్లు అనేవాటినే ఇక్కడ మెట్లు అంటున్నాను. మన ప్రాంతంలో వీణ తెలిసినవారు ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆ మాట చెవికి అలవాటైనదే.

కలప, మన ఎండలు

వాద్యం పలకలు రెండు రకాలు. ఒకే చెక్కను పలుచగా కోసి చేసినవి సాలిడ్. పలుచని పొరలు అతికించి చేసినవి లామినేట్. సాలిడ్ చెక్క నాదం లోతుగా ఉంటుందనడంలో సందేహం లేదు. అయితే దానికి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. విజయవాడ వాతావరణం అందుకు ఒప్పుకోదు. మే నెల వడగాలుల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు పోయి గాలి ఎండిపోతుంది. ఆ వెంటనే వానలు మొదలై గోడలు చెమ్మగిల్లుతాయి. మధ్యలో ఏసీ గది ఒకటి. చెక్క కుంచించుకుపోవడం, ఉబ్బడం, మళ్ళీ కుంచించుకుపోవడం ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. పొరలు అడ్డంగా నిలువుగా అతికిన లామినేట్ ఈ ఒడుదుడుకులను చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి మొదటి వాద్యానికి మహాగని లామినేట్ చాలు, సాలిడ్ చెక్కకు డబ్బు పెట్టకండి అని గట్టిగానే చెబుతాను. నూజివీడు వీణ కొన్నవారికి పనస కర్రను ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో తెలుసు. ఆ జాగ్రత్త అలవడ్డాక రెండో యుకులేలే సాలిడ్‌ది తీసుకోవచ్చు.

ప్లాస్టిక్‌తో, కార్బన్ ఫైబర్ కలిపిన పదార్థాలతో చేసినవి కూడా ఉన్నాయి. వాటికి ఎండావానా పట్టింపు తక్కువ, నాదం మాత్రం కొంచెం పొడిగా ఉంటుంది. హాస్టల్లో ఉండే పిల్లలకు అవి పనికొస్తాయి. ఆటబొమ్మల దుకాణాల్లో రంగురంగుల బొమ్మలు అతికించి అమ్మేవాటిని మాత్రం ఎంత చవకైనా వాద్యంగా లెక్కించవద్దు; వాటి మెట్లు స్వరస్థానాల్లో ఉండవు, బిరడాలు నిలవవు.

దుకాణంలో చేయవలసిన పరీక్ష

దుకాణానికి పొద్దున్నే వెళ్ళండి. సాయంత్రం బీసెంట్ రోడ్డు సందడిలో గానీ, గుంటూరు బ్రాడీపేట హారన్ల మధ్య గానీ తీగ చిన్నగా జరజరమన్నా వినపడదు. వెంట ఒక చిన్న స్టీలు స్కేలు, నాలుగు పాత ఏటీఎం కార్డులు, ఒక తెల్ల కాగితం, మోగిన స్వరమేదో చూపే ట్యూనర్ యాప్ ఉన్న ఫోను తీసుకెళ్ళండి. కార్డులు ఎందుకంటే, అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. నాలుగు పేర్చితే 3 మిల్లీమీటర్లు సరిగ్గా వస్తాయి. తీగ కింద ఖాళీని స్కేలుతో చూడడం కంటే వీటితో చూడడం సులువు. కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు.

మొదట మెడకు రెండు అంచులా వేలితో పై నుంచి కిందికి రాయండి. మెట్ల లోహపు కొనలు గీరుకుంటే ఆ వాద్యాన్ని పక్కన పెట్టండి. తరవాత వాద్యాన్ని కంటి ఎదుట తుపాకిలా పట్టుకుని, తల వైపు నుంచి మెడ పొడవునా చూడండి. మెడ మెలి తిరిగి ఉన్నా, వంగి ఉన్నా అది ఇంట్లో బాగుచేయగలిగిన లోపం కాదు. బ్రిడ్జి పలకకు పూర్తిగా అంటుకుని ఉండాలి. దాని వెనక అంచు కిందికి కాగితం దూరిందంటే జిగురు వదులుతోందని అర్థం.

బిరడాలను చూడండి. గిటారుకు ఉన్నట్టు పళ్ళచక్రాలతో పక్కలకు ఉండే బిరడాలు మొదటిసారి కొనేవారికి మంచివి. కొద్దికొద్దిగా తిరుగుతాయి, జారవు. కొన్ని సొప్రానోలకు వెనక్కి ఉండే ఒరిపిడి బిరడాలు ఉంటాయి. వాటిని కాస్త తిప్పితే శ్రుతి చాలా దూరం జరుగుతుంది. అవి జారుతుంటే బిరడా చివర ఉన్న చిన్న మరను కొద్దిగా బిగించాలి. ఏ రకమైనా నాలుగింటినీ అటూ ఇటూ తిప్పి చూడండి. తిప్పినా తీగ కదలని ఖాళీ ఎక్కువగా ఉంటే వద్దు.

ఇక అసలైన పరీక్ష తీగల ఎత్తు. గిటారు వాళ్ళు దీన్నే యాక్షన్ అంటారు. ముందు వాద్యాన్ని శ్రుతి చేయించండి. తీగలు వదులుగా ఉన్నప్పుడు కొలిచిన కొలత దేనికీ పనికిరాదు. పన్నెండో మెట్టు పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే చక్కగా ఉన్నట్టు. పేర్చిన నాలుగు కార్డులను పన్నెండో మెట్టు మీద తీగల కిందికి దోపండి. తీగలను తాకుతూ, కాస్త పైకి లేపుతూ దూరితే సరే. దూరాక కూడా పైన ఖాళీ కనబడుతుంటే తీగ ఎత్తుగా ఉందన్నమాట. అయినా దాన్ని కంగారుగా తిరస్కరించనక్కర్లేదు, ఎందుకంటే బ్రిడ్జి చివర ఎత్తు తగ్గించడం ఇంట్లో చేసుకోగలిగిన పనే.

నట్ దగ్గర ఎత్తు మాత్రం అంతకంటే ముఖ్యం, సరిచేయడం కూడా కష్టం. ఒక తీగను రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య నొక్కి పట్టుకుని, మొదటి మెట్టు మీద తీగ కింద ఎంత ఖాళీ ఉందో చూడండి. ఒక కాగితం దూరేంత ఉంటే సరిగ్గా ఉంది. కాగితాన్ని మూడు మడతలు పెట్టినా సులువుగా దూరుతుంటే ఎత్తు ఎక్కువ. ఇదే విషయాన్ని చెవితో, ట్యూనర్‌తో కూడా పట్టవచ్చు. వాద్యాన్ని ఎదుట నిలబెట్టి చూస్తే ఎడమ నుంచి మూడోదైన ‘ఈ’ (E) తీగను ముందు ఖాళీగా మీటి సరిగ్గా శ్రుతి చేసి, తరవాత మొదటి మెట్టు దగ్గర మామూలుగా నొక్కి మీటండి. ట్యూనర్‌లో ఎఫ్ (F) రావాలి. అది ఎఫ్ కంటే 15, 20 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క మెట్ల స్వరాల మధ్య దూరంలో నూరో వంతు) పైకి చూపిస్తే, నట్ ఎత్తుగా ఉండడం వల్ల తీగ కిందికి వంగేటప్పుడు సాగుతోందన్నమాట. కొత్తవారు మొదటి వారంలోనే నేర్చుకునే కార్డులు (chords, అంటే ఒకేసారి మోగించే స్వరాల కూర్పులు) మొదటి రెండు మూడు మెట్ల మీదే ఉంటాయి. అక్కడే శ్రుతి తప్పితే తమ చెవి బాగాలేదనో, వేళ్ళు మొరటువనో అనుకుని మానేస్తారు. తప్పు నిజానికి ఆ తెల్ల పట్టీది.

చివరగా పన్నెండో మెట్టు. తీగను సరిగ్గా ఆ మెట్టు పైన వేలితో నొక్కకుండా ఊరకే తాకించి మీటి, వేలు వెంటనే తీసేస్తే గంట మోగినట్టు సన్నని స్వరం వస్తుంది. తరవాత అదే చోట నొక్కి మీటండి. ఈ రెండు స్వరాలూ ట్యూనర్‌లో ఒకదానికొకటి 10 సెంట్ల లోపు తేడాలో ఉండాలి. వీణ మెట్లు మైనం మీద నిలుస్తాయి కనుక పనివాడు వాటిని జరిపి మేళం కట్టగలడు; యుకులేలే మెట్లు చెక్కలో దిగి ఉంటాయి, తయారైన చోటే అవి ఉండిపోతాయి. అందువల్ల ఈ తేడా ఎక్కువగా ఉన్నదాన్ని తీసుకోకండి. ఆ తరవాత నాలుగు తీగల మీదా ప్రతి మెట్టూ ఒక్కొక్కటిగా నొక్కి మీటుతూ వెళ్ళండి. దుకాణదారు విసుక్కున్నా పరవాలేదు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకుని, ఈ పరీక్షలన్నీ వాపసు గడువు లోపలే పూర్తిచేయండి. మన ఊళ్ళ దుకాణాల్లో గిటార్లు, కీబోర్డులు ఉన్నన్ని యుకులేలేలు ఉండవు కాబట్టి చాలామందికి ఆన్‌లైన్ తప్పదు. అలాంటప్పుడు బొమ్మ చూసి కాక, వాపసు నిబంధన చదివి కొనండి.

వాద్యంతో పాటు కొనవలసినవి మూడే: వాద్యం తలకు తగిలించే క్లిప్ ట్యూనర్, మెత్తని సంచి, ఒక జత అదనపు తీగలు. పిక్కులు, కాపో, స్టాండు, ప్లగ్ పెట్టి స్పీకరుకు కలిపే ఏర్పాటు, ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు. ఆ డబ్బును మంచి తీగలకు మళ్ళించండి. చవక వాద్యాలకు కట్టి వచ్చే తీగలు చాలావరకు మందకొడిగా మోగుతాయి. వాటి స్థానంలో నైల్‌గట్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ కడితే అదే వాద్యం వేరేలా పలుకుతుంది.

శ్రుతి చేయడం

ఇంటికి తెచ్చిన రోజే పూర్తి శ్రుతి నిలవాలని ఆశించకండి. వాద్యాన్ని మీ ఎదుట నిలబెట్టి చూస్తే ఎడమ నుంచి కుడికి తీగలు జీ (G), సీ (C), ఈ (E), ఏ (A). సంగీతం నేర్చిన ఇంట్లో దీన్ని ఇంకా తేలికగా చెప్పవచ్చు. సీని ఒకటి శ్రుతి షడ్జమంగా తీసుకుంటే ఈ నాలుగు తీగలూ వరుసగా ప, స, గ, ధ అవుతాయి. ఇక్కడ ఒక విశేషం ఉంది: మొదటి తీగ ‘ప’ కింది స్థాయిది కాదు, ‘గ’ కంటే పైన ఉండే పంచమమే. గిటారు అలవాటున్నవారు ఇక్కడే పొరబడతారు. అంచున ఉన్న తీగ మంద్రంగా ఉండాలనుకుని దాన్ని ఒక స్థాయి కిందికి దించుతారు. అప్పుడది వదులుగా వేలాడుతూ గొణుగుతుంది. జీ సెకనుకు 392 కంపనాలు, సీ 261.6, ఈ 329.6, ఏ 440. చాలా క్లిప్ ట్యూనర్లలో అక్షరం ఒక్కటే కనబడుతుంది, స్థాయి కనబడదు కాబట్టి మొదటి రోజు ఫోన్ యాప్‌లో ఆ స్వరాన్ని మోగించుకుని, విని, దానికి కలపండి. ఇంట్లో శ్రుతి పెట్టె ఉంటే ఒకటి శ్రుతిలో పెట్టి సీ తీగను దానితో కలపవచ్చు.

బిరడాను ఎప్పుడూ కింది నుంచి పైకి తెస్తూ స్వరం దగ్గర ఆపాలి. దాటిపోతే కాస్త ఎక్కువగానే దించి మళ్ళీ పైకి తీసుకురండి. పై నుంచి దించి ఆపితే పళ్ళచక్రంలో మిగిలిన వదులు తరవాత బయటపడి శ్రుతి పడిపోతుంది. ట్యూనర్‌లో కావలసిన అక్షరం రాకుండానే తీగ మరీ బిగుసుకుపోతున్నట్టు అనిపిస్తే ఆపండి. ఒక స్థాయి పైకి లాగుతున్నారేమో చూసుకోండి.

నైలాన్ జాతి తీగలు కట్టిన కొత్తలో కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటాయి. ఇది లోపం కాదు. త్వరగా కుదురుకోవాలంటే, శ్రుతి చేశాక ఒక్కొక్క తీగను పన్నెండో మెట్టు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని పలక నుంచి మెల్లగా పైకి లాగి వదలండి, మళ్ళీ శ్రుతి చేయండి. పడిపోవడం తగ్గేదాకా ఇలా చేస్తూ ఉండాలి. అప్పటికీ ఒక్క తీగే పదేపదే జారుతుంటే బ్రిడ్జి దగ్గర ముడిని చూడండి; ముడి లోపలికి జారుతున్న ఆనవాలు తీగ కొన పొట్టి అవుతుండడంలో కనిపిస్తుంది.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఒక మాట. తంబూర పక్కన ఈ వాద్యం గాంధారం రవ్వంత ఎక్కువగా వినిపిస్తుంది. సమభాగాల స్వరవిభజనలో ఈ గాంధారం సహజ అంతర గాంధారం కంటే సుమారు 14 సెంట్లు పైన ఉంటుంది. కీబోర్డులో ఉన్నదీ ఇదే. చెవికి గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి, దానికోసం ‘ఈ’ (E) తీగను దించితే కార్డులు చెడతాయి.

తీగల ఎత్తు తగ్గించడం

పన్నెండో మెట్టు దగ్గర 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వచ్చి, నట్ దగ్గర బాగానే ఉంటే, బ్రిడ్జి గాడిలో నిలిచి ఉండే సన్నని పట్టీని అరగదీస్తే సరిపోతుంది. దాన్ని సాడిల్ అంటారు. లెక్క ఇలా చూడాలి: పన్నెండో మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగం దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్‌లో ఒక మిల్లీమీటరు తగ్గాలి. లెక్క తెలియక అక్కడ చూసినంతే ఇక్కడ తీసేవారు, ఏమీ మారలేదని రెండోసారి మొదలుపెట్టి అతిగా తీసేవారు ఇద్దరూ ఉన్నారు.

తీగలను బాగా వదులు చేసి, సాడిల్‌ను శ్రావణంతో మెల్లగా నిలువుగా పైకి లాగండి. ఏ చివర ఏ తీగ వైపు ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడం మరవవద్దు. అడుగు నుంచి తీసేయవలసిన మేరకు ఒక గీత గీయండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 220 నంబరు ఎమరీ పేపరును వంటగది గ్రానైట్ గట్టు మీద పరచి, సాడిల్‌ను నిటారుగా పట్టుకుని అడుగు భాగాన్నే దానిపై రుద్దండి. తీగలు ఆనే పైభాగాన్ని ముట్టుకోకూడదు. చేతి బరువు ఒక పక్కకు పడితే అడుగు ఏటవాలు అవుతుంది కనుక కొన్ని రుద్దులకొకసారి పట్టుకున్న వైపు మార్చండి. గీతకు కాస్త ముందే ఆపి, తిరిగి పెట్టి, శ్రుతి చేసి కొలవండి. ఇంకా తీయాలంటే తీయవచ్చు, తీసినదాన్ని తిరిగి పెట్టలేం. 2.5 మిల్లీమీటర్ల కంటే దిగువకు వెళ్ళకపోవడమే మంచిది. సాడిల్ కింద పికప్ తీగ (స్పీకరుకు కలిపే ఏర్పాటులోది) ఉన్న వాద్యమైతే ఈ పనికి పూనుకోకండి.

నట్ గాడులను లోతు చేయడానికి ప్రత్యేకమైన సన్నని ఆకురాళ్ళు కావాలి. గిటార్లు బాగుచేసేవారి చేతికి ఇవ్వడమే తెలివైన పని. ఇచ్చేటప్పుడు ‘మూడో మెట్టు నొక్కితే మొదటి మెట్టు మీద కాగితమంత ఖాళీ మిగలాలి’ అని స్పష్టంగా చెప్పండి. గాడి ఎక్కువ లోతైపోయి ఖాళీ తీగ జరజరమంటుంటే ఒక ఉపాయం ఉంది. గాడిలో చిటికెడు వంటసోడా నింపి దానిపై ఒక్క చుక్క ఫెవిక్విక్ వేస్తే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. దాన్ని మళ్ళీ కావలసినంత గాడిగా తీయించవచ్చు. చుట్టూ టేపు అతికించి చేయాలి, ముఖం దూరంగా పెట్టాలి. ఆ చర్యలో పొగ వస్తుంది.

జరజర ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడం సగం పని. ఖాళీ తీగకే వస్తే నట్ గాడి లోతు. ఒక్క చోట నొక్కినప్పుడే వస్తే దాని తరవాతి మెట్టు ఎత్తుగా ఉంది. అన్ని చోట్లా వస్తే సాడిల్ తక్కువైంది. ఇవేవీ కాకుండా వస్తుంటే మరమ్మతుకు పరుగెత్తే ముందు బ్రిడ్జి వెనక చూడండి. ముడి వేశాక మిగిలిన తీగ కొన పలకను తాకుతూ ఉంటుంది, మీటినప్పుడల్లా అది పలకపై టకటకలాడుతుంది. గోళ్ళు తీసే కత్తెరతో ఆ కొనను కొద్దిగా కత్తిరిస్తే చాలు. బిరడా మర వదులైనా ఇలాంటి శబ్దమే వస్తుంది.

మొదటి స్వరాలు

వాద్యాన్ని కుడి ముంజేతితో ఛాతీకి ఆనించి పట్టుకోండి. ఎడమ చేయి మెడను మోయకూడదు. మీటవలసినది నాదరంధ్రం పైన కాదు, మెడ పలకను కలిసే చోట. చూపుడు వేలి గోరు కిందికి, మెత్తని భాగం పైకి. నొక్కే వేలు మెట్టుకు సరిగ్గా వెనక, దాదాపు ఆనుకుని ఉండాలి. మెట్టుకు దూరంగా నొక్కితే రెట్టింపు బలం కావాలి, అయినా స్వరం చెదురుతుంది.

కార్డుల కంటే ముందు మోహనం వాయించమని చెబుతాను. ఇంత తేలికగా ఈ వాద్యం ఇచ్చే రాగం ఇంకొకటి లేదు. సీ తీగ ఖాళీగా మీటితే స. అదే తీగ రెండో మెట్టు రి. ‘ఈ’ (E) తీగ ఖాళీగా గ. దాని మూడో మెట్టు ప. ‘ఏ’ (A) తీగ ఖాళీగా ధ. దాని మూడో మెట్టు తారస్థాయి స. నొక్కవలసినవి మూడే చోట్లు. గమకాలు ఆశించకండి, ఆ పని వీణది. స్వరాలు శుభ్రంగా పలుకుతున్నాయా అన్నదే ఇప్పుడు చూసుకోవాలి. ఈ ఆరోహణ అవరోహణలు శుభ్రంగా వస్తే తీగల అమరిక కూడా సరిగా ఉన్నట్టే.

తరవాత కార్డులు. సీ మేజర్‌కు ‘ఏ’ (A) తీగ మూడో మెట్టు ఉంగరపు వేలితో నొక్కితే చాలు. ‘ఏ’ (A) మైనర్‌కు జీ తీగ రెండో మెట్టు మధ్య వేలితో. ఆ వేలు అలాగే ఉంచి ‘ఈ’ (E) తీగ మొదటి మెట్టును చూపుడు వేలితో కలిపితే ఎఫ్. జీ సెవెన్‌కు మూడు వేళ్ళూ కావాలి: చూపుడు వేలు ‘ఈ’ (E) తీగ మొదటి మెట్టు, మధ్య వేలు సీ తీగ రెండు, ఉంగరపు వేలు ‘ఏ’ (A) తీగ రెండు. ఈ నాలుగింటి మధ్య తాళం తప్పకుండా మారగలిగితే చాలా పాటలకు తోడు వాయించవచ్చు. వేళ్ళ కొనలు మొదట్లో నొస్తాయి. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున వాయించేవారికి ఆ నొప్పి త్వరలోనే పోతుంది, ఆదివారం మూడు గంటలు వాయించి మిగతా రోజులు మానేసేవారికి ప్రతి ఆదివారం కొత్తగా వస్తుంది.

ఏడాది పొడవునా

ఎండలో నిలిపిన కారులో యుకులేలేను వదలవద్దు. మే నెలలో ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. ఎయిర్ కూలర్ గాలి నేరుగా తగిలే చోట కూడా పెట్టకూడదు, అది తడిగాలి. వానాకాలంలో బయటి గోడకు తగిలించకుండా సంచిలో, రెండు మూడు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వేసవి చివర మెట్ల కొనలను మళ్ళీ ఒకసారి వేలితో తడిమి చూడండి. మెడ చెక్క ఎండి కుంచించుకుపోతే కొత్తగా గీరుకోవడం మొదలవుతుంది. వాయించే ముందు చేతులు కడుక్కోవడం అన్ని ఊళ్ళలోనూ చెప్పే మాటే, ఆవకాయ కలిపిన చేతులు ఉన్న మన ఊళ్ళలో ఇంకాస్త గట్టిగా చెప్పాలి.

నైలాన్ తీగలు తుప్పు పట్టవు, తెగడం కూడా అరుదు. అందుకే వాటిని ఏళ్ళ తరబడి మార్చనివారు ఉంటారు. తీగ అడుగున వేలు పెట్టి రాస్తే మెట్లు తాకే చోట గుంటలు తగిలినప్పుడు, లేదా పన్నెండో మెట్టు పరీక్షలో మొదట సరిగ్గా వచ్చిన స్వరం ఇప్పుడు తేడాగా వస్తున్నప్పుడు మార్చే సమయం వచ్చినట్టు. నాలుగూ ఒకేసారి విప్పేస్తే సాడిల్ ఊడి ఎక్కడో పడిపోతుంది, పాత ముడి ఎలా వేశారో చూసుకోవడానికి నమూనా కూడా మిగలదు. ఒకటి విప్పి, దాని పక్కనున్న పాత ముడిని చూస్తూ కొత్తది కట్టి, శ్రుతికి కొంచెం దగ్గరగా తెచ్చాక రెండోదానికి వెళ్ళండి.